బల్బు ఎర్రబడే దాకా

నెలకోసారి, మొదటి ఆదివారం పొద్దున, మా క్వార్టర్ ముందు నేనొక వింత పని చేస్తాను. కారు స్టార్ట్ చేయకుండానే ముందు లైట్లు వేసి, ఎదురుగా ఉన్న సున్నం గోడ మీద పడ్డ రెండు వెలుగు మచ్చలను చూస్తూ నిలబడతాను. మనసులో వంద దాకా లెక్కపెడతాను. పాల ప్యాకెట్లకు పోయేవాళ్ళు ఆగి చూసి, లైట్లు ఆర్పడం మరిచిపోయావు టీచరమ్మా అని చెప్పి పోతుంటారు. మొదట్లో అందరికీ విడమరచి చెప్పేదాన్ని. ఇప్పుడంత ఓపిక లేదు, తలూపి ఊరుకుంటాను. ఈ ఉదయం కూడా అంతే. ఎండ ఇంకా గోడ మీదికి ఎక్కలేదు. లైట్లు వేయగానే కారు లోపల ఎక్కడో సన్నగా టక్కుమంది. ఆ చిన్న చప్పుడు చాలు, నా ముక్కుకు యాసిడ్ వాసనా కొబ్బరినూనె వాసనా కలిసి తగులుతాయి. నిజానికి కారులో ఆ రెండూ లేవు. అవి యోసేపు కాక చొక్కా వాసనలు.

యోసేపు కాక మా బాపు మల్లయ్య పనిచేసిన బాయిలో ల్యాంప్ రూము చూసేవాడు. మా గోదావరిఖనిలో బొగ్గు గనిని బాయి అనే అంటాం. దాంట్లోకి దిగే ప్రతి మనిషీ ముందు కాక కిటికీ దగ్గర ఆగి, తన నంబరున్న బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న లైటు తీసుకోవాలి. బ్యాటరీ నడుముకు, లైటు నెత్తి మీది టోపీకి. షిఫ్టు అయ్యాక లైటు తిరిగిస్తే బిళ్ళ వెనక్కి వస్తుంది. మనిషి లోపల ఉన్నంతసేపూ అతని బిళ్ళ ల్యాంప్ రూము గోడకు వేలాడుతూ ఉంటుంది. ఆ వందల బ్యాటరీలకు వేళకు తిండి పెట్టడం, ఆ బిళ్ళలకు కాపలా కాయడం, ఇదే ఆయన ఉద్యోగం. ఒకసారి బాపు నన్ను సైకిల్ మీద తీసుకుపోయి ఆ కిటికీలోంచి లోపలికి చూపించాడు. వరసలు వరసలుగా ఛార్జింగులో పెట్టిన లైట్లు. వాటి మధ్య ఒక్కడే మనిషి, పొట్టిగా, నల్లగా, నూనె రాసి నున్నగా దువ్విన తలతో, ఒక్కో లైటునూ చేతిలోకి తీసుకుని పసిపిల్ల ముఖం చూసినట్టు చూస్తున్నాడు. ఈయన ఇవ్వకపోతే మా బాపు చీకట్లోకే పోవాలి కదా అనుకున్నాను. అప్పుడు పుట్టిన భయభక్తి నాకు ఇప్పటికీ పోలేదు.

అమ్మ ఆయన్ను అన్నా అని పిలిచేది, నేను బాబాయి వరుసలో కాకా అనేదాన్ని. వరుసలు కలవవని బాపు నవ్వేవాడు. కాక క్వార్టర్ మా వెనక లైనులోనే. ఆదివారం చర్చి నుంచి వస్తూ మా గడపలో కూర్చుని నా చేత పాఠాలు అప్పజెప్పించుకునేవాడు. ఆయన చదివింది ఐదో తరగతి. అయినా మా సార్ల దగ్గర తప్పించుకున్నంత సులువుగా ఆయన దగ్గర తప్పించుకోలేకపోయేదాన్ని. మొదటి నాలుగు ముక్కలు గడగడ చదివేస్తే సార్లు శభాష్, కూర్చో అనేవారు. కాక అనేవాడు కాదు. "ఇంకేంది బిడ్డా?" అని అడిగి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. ఇంకొంచెం చెప్పేదాన్ని. మళ్ళీ "ఇంకేంది?" అనేవాడు. మూడోసారికి నా దగ్గర సరుకు అయిపోయేది. ఉక్రోషంతో పుస్తకం విసిరికొట్టి లోపలికి పోయిన రోజులున్నాయి. ఆయన ఆ పుస్తకం తీసి, దులిపి, గడప మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. వచ్చే ఆదివారం మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. నేను టీచరునయ్యానంటే అది ఆ మూడో 'ఇంకేంది' పుణ్యమే.

నాకు ఎనిమిదేళ్ళున్నప్పుడు, సద్దుల బతుకమ్మ రోజున జరిగిన సంగతి మా ఇంట్లో చెప్పుకోని పండగ లేదు. ఆ రోజు మొదటి షిఫ్టు వాళ్ళంతా ఉరుకులు పరుగుల మీద ఇళ్ళకు పోయారు. కాక గోడకు ఒక్క బిళ్ళ మిగిలింది. నాలుగు వందల పన్నెండు. మా బాపుది. పండగ తొందరలో లైటు నెత్తిన పెట్టుకునే ఇంటికి పోయి ఉంటాడు, అట్లా పోయేవాళ్ళు ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు, రేపు తెస్తాడులే అన్నారట అందరూ. కాక ఒప్పుకోలేదు. కిటికీ ముందు రెండో షిఫ్టు వాళ్ళు లైట్ల కోసం వరస కట్టి ఉన్నారు. ఆయన కిటికీ తలుపు మూసి, గొళ్ళెం పెట్టి, బయటికొచ్చి దాని ముందు నిలబడ్డాడు. "నాలుగు వందల పన్నెండు పైకి రాందే ఒక్క లైటు సుత ఇయ్య" అన్నాడు. లైట్లు లేకపోతే మనిషి దిగడు, మనిషి దిగకపోతే బాయి నడవదు. పెద్దసార్లు వచ్చి అరిచారు, ఉద్యోగం పోతుందని బెదిరించారు. గొంతు పెంచి మాట్లాడ్డం చేతకాని ఆ పొట్టి మనిషి గొళ్ళెం మీద చెయ్యి తీయలేదట.

చివరికి నలుగురు దిగి వెతికారు. బాపు పంపు దగ్గర ఒక్కడే పనిచేసేవాడు. తిరిగి వస్తుంటే దారిలో లైటు సన్నగిల్లింది. ఆ మసక వెలుతురులో మలుపు తప్పి, ఎవరూ నడవని పాత దారిలో పడ్డాడు. కాలు బెణికింది, లైటు పూర్తిగా ఆరిపోయింది. వెతకబోయిన వాళ్ళకు గోడకు ఆనుకుని కూర్చుని కనిపించాడు. మేము ఇంట్లో బతుకమ్మ పేర్చుకుని ఎదురుచూస్తుంటే, బాపు కాక భుజం మీద చెయ్యి వేసి కుంటుతూ వచ్చాడు. సంగతి విని అమ్మ కాక కాళ్ళ మీద పడబోయింది. ఆయన కాలిన గిన్నె తగిలినట్టు వెనక్కి జరిగాడు. అప్పటి నుంచి ప్రతి పండక్కీ వండిన దాంట్లో మొదటి గిన్నె ఆయన ఇంటికే పోయేది. తీసుకునేవాడు, వద్దనేవాడు కాదు. కానీ మా ఇంట్లో కూర్చుని ఒక్క ముద్ద తినగా నేను చూడలేదు. మొహమాటస్తుడని సరిపెట్టుకున్నాం.

బాపు రిటైరై, హాయిగా మనవళ్ళతో ఆడుకుని, ఆరేళ్ళ కిందట పోయాడు. కాక కూడా రిటైరై చౌరస్తా దగ్గర చిన్న బ్యాటరీల దుకాణం పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట అమ్మకు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక కరీంనగర్‌లో కరెంటు పెట్టించాలన్నారు. రేడియేషన్‌ను మా దగ్గర అందరూ అట్లాగే అంటారు. శని, ఆదివారాలు తప్ప వరసగా ఇరవై ఐదు రోజులు. మధ్యలో ఒక్కరోజు కూడా తప్పకూడదని, తప్పితే ఆ జబ్బుకు మనమే సందు ఇచ్చినట్టని డాక్టరమ్మ ఒకటికి రెండుసార్లు చెప్పింది. బస్సు కుదుపులకు అమ్మ తట్టుకోలేదని, హైదరాబాదులో ఒకరు వాడిన హైబ్రిడ్ కారు కొన్నాం. పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న బండి. చప్పుడు లేకుండా కదిలేది. అమ్మ వెనక సీట్లో పడుకుని, బయలుదేరామా ఇంకా లేదా అని అడిగేది.

పదో రోజు నుంచే ఆ కారు నాకేదో చెప్పాలని చూస్తూనే ఉంది. తలుపు తాళం నెమ్మదిగా తెరుచుకునేది, తెర మీద గడియారం సమయం మరిచిపోయేది. ఆసుపత్రి ముందున్న ఒక బ్యాటరీ దుకాణంలో చూపించాను. అతను లోపల ఫోను ఛార్జింగు సాకెట్‌లోనే మీటరు పెట్టి, పన్నెండు వోల్టులు దాటి చూపిస్తోంది, మంచిగుంది అక్కా అన్నాడు. నాకు కావలసిన మాట అదే కాబట్టి నమ్మేశాను. పద్నాలుగో రోజు పొద్దున అమ్మను మెట్లు దింపి తీసుకొస్తే కారు తలుపే తెరుచుకోలేదు. రిమోట్ లోపల దాచి ఉన్న ఇనుప తాళంచెవితో తీశాను. బటన్ నొక్కితే లోపలి దీపాలన్నీ ఒక్కసారి మినుకుమని, టకటకమని ఏదో కొట్టుకుని, ఆగిపోయింది. మావారు మొదటి షిఫ్టులో ఉన్నారు, బాయిలోకి ఫోను పోదు. సర్వీసు సెంటరుకు ఫోన్ చేస్తే ఎల్లుండి బండి పంపుతామన్నారు. పదకొండు గంటలకు అమ్మ వంతు.

లైనులో వాళ్ళంతా పోగయ్యారు. మా వాళ్ళ మంచితనం గురించి చెప్పాలంటే, సాయం అడిగేలోపే చేసేస్తారు. నైట్ షిఫ్టు దిగి వచ్చిన ఆరుగురు నిద్రమొహాలతోనే నెట్టి స్టార్ట్ చేద్దామని కారు వెనక చేరారు. జీపుల్నీ లారీల్నీ నెట్టిన చేతులు. కారు గేరు కదలలేదు, చక్రం కదలలేదు. బండరాయిని నెడుతున్నట్టే ఉంది. ఒక మెకానిక్ వచ్చి బానెట్ ఎత్తి, బ్యాటరీ కోసం వెతికి, అది ముందు లేకపోవడం చూసి, పెద్ద బ్యాటరీ పోయింది, ఈ బండి ఇక లేవదు అని తేల్చి వెళ్ళిపోయాడు. నేను వాళ్ళ మీదా, కారు మీదా, నా మీదా అరవడం మొదలుపెట్టాను. వరండాలో స్టూలు మీద కూర్చున్న అమ్మ అంతా చూసి, నెమ్మదిగా, "యోసేపన్నను పిలువు" అంది.

ఆయన మోపెడ్ మీద వచ్చాడు. కాళ్ళ దగ్గర ఒక బ్యాటరీ, చేతిసంచిలో రెండు వైర్లు, ఒక పాత కారు బల్బు. డెబ్బై అయిదేళ్ళ మనిషి. అందరూ తలో మాట చెబుతుంటే విని, నాతో అన్న మొదటి మాట, దీని పుస్తకం ఏది అని. నాకు ఒళ్ళు మండింది. టైము తొమ్మిదవుతుంటే పుస్తకాలేమిటి కాకా అన్నాను. "తెలువని బండిని ముట్టుకునే ముందు చదువాలె బిడ్డా. నాకు ఇంగ్లీషు రాదు, నువ్వు చదివి చెప్పు" అన్నాడు. చిన్నప్పటి గడప మీద కూర్చున్నట్టే కారు పక్కన కింద కూర్చున్నాడు. నేను చదువుతూ తెలుగులో చెప్పాను. ప్రతి పేజీ చివరా "ఇంకేంది?" అన్నాడు. అట్లా మూడో పేజీకి దొరికింది. ఈ కారుకు రెండు బ్యాటరీలు. బండిని నడిపే పెద్దది, దానితో సంబంధం లేకుండా తాళాలకూ దీపాలకూ మీటలకూ కరెంటిచ్చే చిన్నది. ఆ చిన్నది డిక్కీ అడుగున ఉంటుంది. డిక్కీ తెరవడానికి కూడా దాని కరెంటే కావాలి. అది చచ్చినప్పుడు బయటి నుంచి కరెంటు అందించడానికి బానెట్ కింద ఫ్యూజుల డబ్బాలో ఎర్ర మూత కింద ఒక చిన్న ముక్క ఉంది.

ఆయన ఆ ఎర్ర మూత తీసి, ఒక వైరు దానికీ, ఇంకోటి కారు ఒంటి మీద రంగు లేని ఇనుముకూ తగిలించాడు. తారుమారైతే ఏమవుతుందో పుస్తకంలో చదివించి, నా చేత రెండుసార్లు సరిచూపించి, అప్పుడు బటన్ నొక్కమన్నాడు. దీపాలన్నీ వెలిగాయి. 'రెడీ' అని పచ్చగా వచ్చింది. నిద్రమొహాల వాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇంత పెద్ద కారును, ఆరుగురు నెట్టినా కదలనిదాన్ని, రెండు వైర్లతో లేపిన ఆ చేతులనే చూస్తూ నిలబడ్డాను. ఆయన మాత్రం కారు వైపు చూస్తున్నాడు, ఆశ్చర్యంగా, చర్చిలో నిలబడ్డట్టు. "పెద్దది తలుపు వెనక కూసున్నది బిడ్డా. తాళంచెవి చిన్నదాని దగ్గరున్నది. గిది లేవకపోతె గంత బలం ఉండి సుత ఏం ఫాయిద లేదు" అన్నాడు. తర్వాత వైర్లు తీసి, ఇంటికి తిరిగొచ్చే దాకా కారు ఆపొద్దు, ఆపితే మళ్ళీ లేవదు, నేను కూడా వస్తానని ముందు సీట్లో కూర్చున్నాడు.

ఆ రోజు అమ్మకు పద్నాలుగో కరెంటు పడింది. మేము లోపల ఉన్నంతసేపూ కాక ఆసుపత్రి ఆవరణలో, రెడీలో ఉన్న కారులో, ఆ పచ్చ అక్షరాల మీద కళ్ళు తీయకుండా కూర్చున్నాడట. ఇంజను తనంత తానే ఆగినప్పుడల్లా గుండె ఆగినంత పనయ్యేదని, మళ్ళీ అదే మొదలయ్యేసరికి నవ్వొచ్చేదని తర్వాత చెప్పాడు.

ఇంటికొచ్చాక డిక్కీ తెరిచి, అడుగు పలక తీసి, ఆ చిన్న బ్యాటరీని బయటికి తీశాడు. వరండాలో అమ్మ మంచం పక్కనే నేల మీద పెట్టాడు. మీటరు పెడితే పన్నెండు దాటే చూపించింది. ఆ ఆసుపత్రి ముందటి అతను అబద్ధం చెప్పలేదన్నమాట. కాక సంచిలోంచి బల్బు తీసి దానికి తగిలించాడు. తెల్లగా వెలిగింది. మంచిగానే ఉంది కదా కాకా అన్నాను. ఆయన బల్బునే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. ముప్పై దగ్గర బల్బు పసుపు తిరిగింది. యాభై దాటేసరికి తీగ ఎర్రబడింది. "చూసినవా బిడ్డా. ఉత్తగున్నప్పుడు ఏదన్న మంచిగనే కనబడతది. పని అప్పజెప్పి, నిలవడి చూడాలె" అన్నాడు. చూస్తుండగానే ఆ ఎరుపు కూడా ఆరిపోయింది. ఆయన చేతులు ఇంకా వైర్లనే పట్టుకుని ఉన్నాయి.

"చెల్లె," అన్నాడు అమ్మ వైపు చూడకుండా, "ఆ దినం మల్లయ్యకు లైటిచ్చింది నేనే. వెలిగించంగనే జరంత ఎర్రగ కొట్టింది. పండుగ తొందర, కిటికీ ముందట లైను. ఒక్క నిముషం పట్టుకొని చూస్తె తెలుస్తుండె. చూడలె. ఇచ్చిన. మీరేమొ నన్ను దేవుని లెక్క చూస్తిరి."

నాకు మొదట వచ్చింది కోపమే. అబద్ధమెందుకు. చీకట్లో గోడకు ఆనుకుని కూర్చున్న బాపు కళ్ళ ముందుకొచ్చాడు. ఇన్నేళ్ళు మేము పంపిన గిన్నెలన్నీ గుర్తొచ్చాయి. నోరు తెరవబోయాను. అమ్మ మంచం మీద నుంచే చెయ్యెత్తి నన్ను ఆపింది.

"నాకు ఎర్కే అన్నా," అంది. "ఆయన ఆ దినమే చెప్పిండు. లైటు ఎర్రగున్నదని ఆయనకు సుత కనబడ్డదట. పండుగని మార్చుకోకుంట ఉరికిండు. ఇద్దరు తొందరవడ్డరు. కని బిళ్ళ కాడ నిలవడ్డది నువ్వొక్కనివే." వంటింటి వైపు చెయ్యి చూపి, "ఇగ ఇయ్యాలన్న మా ఇంట్ల తిను" అంది.

నేను అన్నం, పప్పు, మామిడికాయ తొక్కు పచ్చడి పెట్టాను. కాక పీట మీద కూర్చుని, తలెత్తకుండా, కంచంలో మెతుకు మిగలకుండా తిన్నాడు. ఒక్క నిముషం ఆగి చూడని మనిషి, మిగిలిన బతుకంతా ప్రతి లైటు దగ్గరా, ప్రతి బ్యాటరీ దగ్గరా, నా పిచ్చి పాఠాల దగ్గర కూడా, ఆ నిముషం నిలబడి చూశాడని అప్పుడు అర్థమైంది. నా కోపం ఎటుపోయిందో తెలియదు. ఆయన్ను దేవుడనుకున్నప్పటి కంటే ఆ పీట మీద చూసినప్పుడే నాకు ఎక్కువ దణ్ణం పెట్టాలనిపించింది.

కొత్త బ్యాటరీ కూడా ఏదిపడితే అది వేయనివ్వలేదు. అది ఉండేది మనుషులు కూర్చునే చోటుకు ఆనుకునే కాబట్టి, దాంట్లో పుట్టే గ్యాసు సన్న గొట్టంలోంచి కారు బయటికి పోవాలి. ఆ గొట్టం అమరే రకమే కావాలని హైదరాబాదు నుంచి తెప్పించాడు. అది రావడానికి పట్టిన రెండు రోజులూ పొద్దున ఏడింటికల్లా మోపెడ్ మీద వచ్చి కారును లేపి, మాతో కరీంనగర్ దాకా వచ్చాడు. అమ్మకు పదిహేనో కరెంటు పడింది, పదహారోది పడింది. కొత్తది బిగించిన రోజు, పాతది ఇంత తొందరగా ఎందుకు నీరసపడిందో కూడా కనిపెట్టాడు. డ్యూటీకి పోయేటప్పుడు మరిచిపోకుండా బిళ్ళనూ తాళాలనూ గుమ్మం పక్క మేకుకు తగిలించడం మా గని ఇళ్ళన్నిటా అలవాటు. నేనూ కారు రిమోట్‌ను అక్కడే తగిలించేదాన్ని. ఆ గోడకు అవతల వైపే కారు షెడ్డు. తాళం దగ్గరలో ఉందనుకుని కారు తెల్లవార్లూ మేలుకునే ఉండేదట. "రెండు కలిసి ముచ్చట పెట్టుకుంటున్నయి బిడ్డా, ఇంక అది పండేదెప్పుడు?" అని పడిపడి నవ్వాడు. మధ్యాహ్నం బడి విరామంలో కారు రెడీలో పెట్టకుండా పాటలు వింటానని నేను చెప్పుకోలేదు. అయినా ఆయనకు తెలిసిపోయే ఉంటుంది. నెలకోసారి లైట్లు వేసి వంద లెక్కపెట్టమని, రోజూ చేస్తే మాత్రం జబ్బు నువ్వే తెచ్చినట్టని చెప్పాడు.

ఇరవై ఐదు పూర్తయ్యాయి. పోయిన చలికాలంలో కాక నిద్రలోనే పోయాడు. బాయి నుంచి రిటైరైన వాళ్ళు ఎంతోమంది వచ్చారు. ఆయన చేతి లైటుతో లోపలికి దిగి, పైకి వచ్చి, బిళ్ళ వెనక్కి తీసుకున్న మనుషులంతా.

ఈ ఉదయం వంద దాకా లెక్కపెట్టాను. గోడ మీద వెలుగు తెల్లగానే ఉంది. లైట్లు ఆర్పి, రిమోట్‌ను తీసుకుపోయి వంటింట్లో బియ్యం డబ్బా వెనక పెట్టి వచ్చాను. అమ్మ గడపలో కూర్చుని ఉంది. ఎట్లున్నవమ్మా అని అడిగాను. "నాకేంది, మంచిగున్న" అంది చకచకా, నవ్వుతూ. ఒకప్పుడైతే ఆ మాట వినగానే నా పనుల్లో పడిపోయేదాన్ని. పీట లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను.

"ఇంకేందమ్మా?" అన్నాను.

ఊళ్ళో సంగతులేవో చెప్పింది. నేను లేవలేదు. ఇంకేందమ్మా అని మళ్ళీ అడిగాను. అమ్మ నవ్వు నెమ్మదిగా తగ్గింది. ఆపరేషన్ అయిన వైపు చేతిని ఒళ్ళోకి తీసుకుంది.

"రాత్రంత చెయ్యి గుంజింది బిడ్డా" అంది.